ప్రభువు బల్ల దగ్గర మొదలైన వేర్పాటు: దక్షిణాఫ్రికా డచ్ రిఫార్మ్డ్ సంఘాలు ఇంకా ఎందుకు ఒకటి కాలేదు

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష చట్టాలు పోయి మూడు దశాబ్దాలు దాటింది. ఎవరు ఏ వీధిలో ఉండాలో, ఎవరు ఎవరిని పెళ్లాడాలో ప్రభుత్వం నిర్ణయించే రోజులు ఇప్పుడు లేవు. అయినా కేప్ ప్రాంతపు పట్టణాల్లో ఒకే హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిని పిల్లలకు నేర్పే, ఒకే ఆఫ్రికాన్స్ భాషలో పాడి ప్రార్థించే రెండు సంఘాలు ఆదివారం ఉదయం రెండు వేర్వేరు మందిరాల్లో కూడుకోవడం ఇప్పటికీ మామూలే. ఒకటి ప్రధానంగా తెల్లవారిది, రెండోది పాత ప్రభుత్వం ‘కలర్డ్’ అని ముద్ర వేసిన మిశ్రమ సంతతివారిది. వివక్ష పాపమని రెండు పక్షాలూ అంటాయి, కలవాలని రెండు పక్షాలూ తీర్మానాలు చేశాయి. మరి అడ్డేమిటి?

ఈ కథను సాధారణంగా చెప్పే తీరు ఒకటుంది. ప్రభుత్వం జాతి విద్వేషంతో చట్టాలు చేసింది, సంఘం భయపడో లాభపడో దానికి లొంగిపోయింది, పాలన మారాక పశ్చాత్తాపపడింది అని. డచ్ రిఫార్మ్డ్ సభ విషయంలో ఈ వరుస తలకిందులైనదని నా అభిప్రాయం. అక్కడ వేర్పాటు మొదట ప్రభువు బల్ల దగ్గర, అంటే క్రీస్తును స్మరిస్తూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం దగ్గర, ఒక చిన్న మినహాయింపుగా పుట్టింది. తరువాత అది వేరే కట్టడమైంది, వేరే జమాఖర్చుల పుస్తకమైంది, వేరే సభ అయింది. చాలా ఆలస్యంగా దానికి వేదాంత సమర్థన దొరికింది, అందరికంటే చివర ప్రభుత్వ చట్టం వచ్చింది. చట్టం 1990ల మొదట్లో పోయింది, సమర్థన కూడా దాదాపు అప్పుడే పోయింది. అడుగున ఉన్న పొరలు మాత్రం అలాగే మిగిలాయి. ఇన్ని సమావేశాలు జరిగినా ఐక్యత ఎందుకు కుదరలేదో అర్థం కావాలంటే ఆ పొరలను మొదటినుంచి చూడాలి.

డచ్ ఈస్టిండియా కంపెనీ 1652లో కేప్‌లో స్థావరం ఏర్పరచుకున్నప్పుడు తనతోపాటు కాల్విన్ బోధను అనుసరించే రిఫార్మ్డ్ ప్రొటెస్టెంట్ మతాన్ని తెచ్చింది. ఆసియా నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ, స్థానిక ఖోయిఖోయి ప్రజలూ కొద్దికొద్దిగా బాప్తిస్మం పొందుతూ వచ్చారు. వారి సంఖ్య తక్కువగా ఉన్నంతకాలం పెద్దగా పేచీ రాలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల పనివల్ల సంఖ్య పెరిగింది, దాంతో ఒక ప్రశ్న లేచింది: ఒకే రొట్టె, ఒకే పాత్ర అందరికీ కలిపి ఇవ్వవలసిందేనా, లేక తెల్లవారు తీసుకున్న తరువాత మిగిలినవారికి ఇవ్వవచ్చునా? సోమర్సెట్ వెస్ట్ సంఘంనుంచి ఈ ప్రశ్న 1829లో కేప్ సినడు (బోధకులు, సంఘపెద్దలు కూడే పాలక సమావేశం) ముందుకు వచ్చింది. రంగు, పుట్టుక చూడకుండా సభ్యులందరూ కలిసి బల్లలో పాలుపొందాలని, ఇది దేవుని వాక్యంమీద నిలిచిన కదలని సూత్రం గనుక దీనిమీద చర్చే అక్కరలేదని సినడు తేల్చేసింది. అంటే సరైన జవాబు ఆ సభకు తెలియక కాదు. రికార్డుల్లో రాసుకుని మరీ ఉంది.

ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. ఈ మధ్యకాలంలో 1834లో బానిసత్వం రద్దయింది, 1838 నాటికి విడుదలైనవారు తమ పాత యజమానుల దగ్గర చేయవలసివచ్చిన నిర్బంధ పని కూడా ముగిసింది. నిన్నటిదాకా తమ పొలంలో పని చేసిన మనిషి పక్కన కూర్చుని ఒకే పాత్రలోనుంచి తాగడం కొందరు యజమానులకు మింగుడుపడలేదు. తూర్పు సరిహద్దులోని స్టాకెన్‌స్ట్రోమ్ అనే చోట తెల్ల సభ్యులు తమకు వేరుగా బల్ల ఆచరించమని అర్జీ పెట్టారు. ఆ చర్చ 1857 సినడుకు చేరింది. ఆ సినడు చేసిన తీర్మానం ఒకే వాక్యంలో రెండు పనులు చేసింది. అన్యజనులలోనుంచి వచ్చిన సభ్యులను ఉన్న సంఘాలలోనే చేర్చుకోవడం వాంఛనీయమనీ లేఖనానుసారమనీ మొదట ఒప్పుకుంది. ఆ వెంటనే, ‘కొందరి బలహీనత’ వల్ల అది క్రీస్తు పనికి ఆటంకమయ్యే చోట, అన్యజనులలోనుంచి వచ్చినవారు తమ క్రైస్తవ హక్కులను వేరే కట్టడంలో అనుభవించవచ్చునని అనుమతించింది.

ఆ ‘బలహీనత’ అన్న మాట యథాలాపంగా పడింది కాదని గమనించాలి. విగ్రహార్పిత మాంసం విషయంలో మనస్సాక్షి బలహీనంగా ఉన్న సహోదరుణ్ణి అభ్యంతరపరచవద్దని పౌలు కొరింథు సంఘానికి రాసిన సలహా ఆ సినడులో కూర్చున్న ప్రతి బోధకుడికీ కంఠతా వచ్చు. అక్కడ బలహీనుడంటే అధికారం లేనివాడు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాడు. 1857లో బలహీనులుగా లెక్కకు వచ్చినవారు భూములున్నవారు, చందాలు ఇచ్చేవారు, సంఘపెద్దల బల్లలమీద కూర్చునేవారు. వారిని మందలించవలసిన చోట ఓదార్చారు. మొత్తం చరిత్రలో ఇంతకన్నా మర్యాదగా రాసిన అన్యాయపు వాక్యం తక్కువగా కనిపిస్తుంది, అది నిలబడటానికి ఆ మర్యాదే కారణమైంది. ఎవరినీ గెంటివేస్తున్నట్టు అందులో లేదు. సూత్రం చెక్కుచెదరలేదు, ఆచరణకు మాత్రం ఒక తలుపు తెరిచారు, ఆ తలుపులోనుంచే తరువాతి వందేళ్లూ నడిచివచ్చాయి.

ఇక్కడ ఒక చిన్న విడ్డూరం చెప్పాలి. కేప్‌టౌన్‌లో విడుదలైన బానిసల మధ్య పుట్టిన సెయింట్ స్టీఫెన్స్ సంఘం, ఒకప్పటి నాటకశాలలో ఆరాధన చేసుకునే సంఘం, సరిగ్గా ఆ 1857లోనే డచ్ రిఫార్మ్డ్ సభలో చేరింది. తరువాత కలర్డ్ విశ్వాసుల కోసం వేరే సభ పెట్టినప్పుడు అందులోకి వెళ్లడానికి ఒప్పుకోలేదు. అలా తెల్లవారి సభలో ఒకే ఒక్క కలర్డ్ సంఘంగా మిగిలిపోయింది. వేర్పాటు తప్పనిసరి ప్రకృతి నియమమని వాదించినవారి కళ్లెదుటే, నగరం నడిబొడ్డున, ఈ మినహాయింపు నిలబడి ఉంది.

మినహాయింపు నియమంగా మారడానికి పాతికేళ్లు కూడా పట్టలేదు. 1881లో వెల్లింగ్టన్ పట్టణంలో కలర్డ్ విశ్వాసుల కోసం ‘సెండింగ్‌కెర్క్’, అంటే మిషన్ సభ, ఏర్పడింది. నల్లజాతివారి కోసం 1910లో ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లో మొదలైన వేరే సభలు 1963లో ఒక్కటై ఆఫ్రికాలోని డచ్ రిఫార్మ్డ్ సభగా కుదురుకున్నాయి. 1968లో భారత సంతతివారి కోసం ఇండియన్ రిఫార్మ్డ్ చర్చి పెట్టారు, అదే ఇప్పటి ఆఫ్రికా రిఫార్మ్డ్ చర్చి. తెల్లవారిది ‘తల్లి సంఘం’, మిగిలినవి ‘కూతురు సంఘాలు’ అని ఆ కుటుంబంలో పిలుచుకునేవారు. పిలుపు ఆప్యాయంగానే ఉంది గాని, ఆ కూతుళ్లు ఎన్నేళ్లు వచ్చినా పెద్దవాళ్లు కాకుండా చూసే ఏర్పాటు అందులో ఉంది. కూతురు సంఘాల బోధకుల జీతాల్లో పెద్ద భాగం తల్లి సంఘం ఇచ్చే సహాయంలోనుంచి వచ్చేది. అక్కడ పనిచేసే తెల్ల మిషనరీ తన సభ్యత్వాన్ని తల్లి సంఘంలోనే ఉంచుకునేవాడు. తాను బోధించే సంఘంలో తాను సభ్యుడు కాడన్నమాట. ఐక్యత గురించి ఎంత మాట్లాడినా ఈ జీతాల సంగతి పక్కన పెడితే మాట్లాడనట్టే లెక్క.

సమర్థన ఆ తరువాత వచ్చింది. బాబెలు గోపురం దగ్గర దేవుడే భాషలను తారుమారు చేసి మనుషులను చెదరగొట్టాడు గనుక (ఆదికాండము 11) జాతుల వేర్పాటు సృష్టికర్త సంకల్పమని, ఏథెన్సులో పౌలు ‘వారి నివాసస్థలముల పొలిమేర’ అన్నప్పుడు (అపొస్తలుల కార్యములు 17:26) ఉద్దేశించింది ఇదేనని వేదాంత పండితులు రాశారు. అదే వచనం మొదటి సగంలో దేవుడు ‘యొకనినుండి’ ప్రతి జాతి మనుషులనూ సృష్టించాడని ఉంది, ఆ సగం అంతగా వినిపించలేదు. 1974లో సర్వసభ (ప్రాంతీయ సినడులన్నిటికీ పైనున్న సినడు) ఆమోదించిన జాతుల సంబంధాల నివేదిక ఈ వాదనకు పూర్తి రూపం. 1857 సినడుకు ఇంత వేదాంతం లేదు, సంకోచం మాత్రమే ఉంది. ఆచరణ ముందు పుట్టి, దానికి నప్పే వచనాలు తరువాత వెతుక్కోవడం ఈ కథలో స్పష్టంగా కనిపిస్తుంది.

1948లో నేషనల్ పార్టీ గెలిచి ప్రధాని అయిన డి. ఎఫ్. మలాన్ స్వయంగా ఈ సభ బోధకుడే. మిశ్రమ వివాహాల నిషేధం 1949లో, జనాభా నమోదు చట్టం, నివాస ప్రాంతాల చట్టం 1950లో వచ్చాయి. తెల్లవారి ప్రాంతాల్లోని ఆరాధనలకు ఆఫ్రికన్లు వెళ్లకుండా ఆపగల అధికారాన్ని మంత్రికి ఇచ్చే నిబంధన 1957లో వచ్చినప్పుడు, ఆ చట్టానికి తాము లోబడలేమని కేప్‌టౌన్ ఆంగ్లికన్ ఆర్చిబిషప్ జెఫ్రీ క్లేటన్ ప్రధానికి లేఖ సిద్ధం చేశాడు. సంతకం చేసిన మరునాడే ఆయన చనిపోయాడు.

డచ్ రిఫార్మ్డ్ సభలోపల కూడా ఎదురుచెప్పినవారు ఉన్నారు, దానికి మూల్యం చెల్లించారు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపిన తరువాత, ఆ డిసెంబరులో ప్రపంచ సంఘాల మండలి జొహన్నెస్‌బర్గ్‌లోని కొట్టెస్‌లోలో సమావేశం ఏర్పాటు చేసింది. క్రీస్తును నమ్మినవారిని రంగునుబట్టి ఏ సంఘంనుంచీ బయట ఉంచకూడదన్న ప్రకటనకు తెల్ల ప్రతినిధులు కూడా చేతులెత్తారు. ప్రధాని వెర్‌వర్డ్ కోపగించడంతో కేప్, ట్రాన్స్‌వాల్ సినడులు తమ ప్రతినిధుల మాటను తోసిపుచ్చి మండలినుంచి బయటికి వెళ్లిపోయాయి. ఆ ప్రతినిధుల్లో ఒకడైన బేయర్స్ నౌడే వెనక్కి తగ్గలేదు. ఆఫ్రికానర్ల (ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లవారి) రహస్య సంఘమైన బ్రూడర్‌బాండ్ స్థాపకుల్లో ఒకరి కొడుకు ఆయన, తానూ అందులో సభ్యుడే. 1963లో వర్ణవివక్షను ఎదిరించే క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్‌ను నడిపే బాధ్యత తీసుకున్నందుకు బోధక పదవి వదులుకోవలసి వచ్చింది. మనుషులకు కాదు దేవునికే లోబడవలెనన్న అపొస్తలుల మాట (అపొస్తలుల కార్యములు 5:29) మీద ప్రసంగించి ఆయన తన సంఘాన్ని విడిచాడు. 1977నుంచి 1984 వరకు, బహిరంగంగా మాట్లాడటానికీ నలుగురితో కూడటానికీ వీల్లేని ప్రభుత్వ నిషేధంలో బతికాడు. 1980లో నల్లజాతి ‘కూతురు సంఘం’లో సభ్యుడిగా చేరాడు. తల్లి సంఘంనుంచి అలా దిగివచ్చినవారు ఆ కాలంలో బహు కొద్దిమంది.

అయితే దారి తిప్పింది మాత్రం కూతురు సంఘాలే. 1982 ఆగస్టులో ఒట్టావాలో ప్రపంచ రిఫార్మ్డ్ సంఘాల సమాఖ్య సభలు జరిగినప్పుడు, కొందరు నల్లజాతి దక్షిణాఫ్రికా ప్రతినిధులు ప్రారంభ ఆరాధనలో ప్రభువు బల్లను తీసుకోలేదు. సొంత దేశంలో తమతో కలిసి బల్ల తీసుకోనివారితో పరాయి దేశంలో కలిసి తీసుకోవడం అబద్ధమవుతుందన్నది వారి మాట. 1857లో బలవంతులు అడిగి పుచ్చుకున్న వేర్పాటును, 1982లో అన్యాయం పొందినవారు ప్రశ్నగా మార్చి తిరిగి బల్లమీదే పెట్టారు. సమాఖ్య ఆ వివక్షను పాపమనీ, దాని వేదాంత సమర్థనను దుర్బోధ అనీ ప్రకటించి, తెల్ల సభల్లో రెండింటి సభ్యత్వాన్ని నిలిపివేసింది. సెండింగ్‌కెర్క్ బోధకుడైన అలన్ బోసాక్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది.

కొన్ని వారాల్లోనే సెండింగ్‌కెర్క్ సినడు కేప్‌టౌన్ శివార్లలోని బెల్హార్‌లో కూడింది. బెల్హార్ కూడా కలర్డ్ ప్రజల కోసం కేటాయించిన ప్రాంతమే. అక్కడ రాసిన ముసాయిదాను 1986లో సభ తన విశ్వాస ప్రకటనగా స్వీకరించింది. పదహారు, పదిహేడు శతాబ్దాల యూరపు ప్రకటనల పక్కన ఆఫ్రికా నేలమీద పుట్టిన ఒక పత్రం నిలబడటం చిన్న సంగతి కాదు. దానికి మూడు ప్రధాన అంశాలున్నాయి: సంఘ ఐక్యత, సమాధానపడటం, న్యాయం. మొదటి రెండింటిమీద ఎవరికీ పెద్ద తగాదా లేదు. మూడోదానిలో, అన్యాయం నిండిన లోకంలో దేవుడు దిక్కులేనివారికీ పేదలకూ అన్యాయం పొందినవారికీ ప్రత్యేకంగా దేవుడు అన్న భావం చాలామంది తెల్ల సభ్యులకు రుచించలేదు. అది విమోచన వేదాంతమనీ, రాజకీయమనీ అన్నారు. విధవరాలి పక్షం, తండ్రిలేనివాని పక్షం వహించే దేవుడి గురించి కీర్తనలు పాడుతూ పెరిగినవారికి అది కొత్త మాట కావడం వింతే. ఆ మాటకు ఎదురుగా తమ ఇల్లూ పొలమూ కనిపించాయి గనుకనే అది రాజకీయంగా తోచిందేమో.

ఇక్కడినుంచి తల్లి సంఘం మెల్లగా కదిలింది. 1986లో సభ్యత్వం అన్ని జాతులకూ తెరిచి ఉందని ప్రకటించింది. దానికి ఆగ్రహించినవారు 1987లో వేరే తెల్ల సభ పెట్టుకున్నారు. 1990 నవంబరులో రుస్టెన్‌బర్గ్ సమావేశంలో స్టెలెన్‌బాష్ ఆచార్యుడు విల్లీ యోంకర్ తన పాపాన్నీ, తన సభ పాపాన్నీ అందరి ముందు ఒప్పుకున్నాడు. ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు లేచి ఆ క్షమాపణను స్వీకరించాడు. దానిపై వచ్చిన అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. టుటు ఆంగ్లికన్, డచ్ రిఫార్మ్డ్ కుటుంబంలో నూరేళ్లకు పైగా బయట నిలబడింది కూతురు సంఘాలవారు. వారి తరఫున క్షమించే అధికారం ఆయనకు ఎవరిచ్చారని ఆ సంఘాలవారిలో కొందరు అడిగారు. ఒప్పుకోవడానికి ఒక వేదిక, ఒక గంట చాలు. క్షమాపణ పొందిన తరువాత ఎవరి మందిరంలో ఎవరు కూర్చుంటారన్నది రుస్టెన్‌బర్గ్‌లో తేలలేదు.

1994 ఏప్రిల్ 14న, తొలి సార్వత్రిక ఎన్నికలకు రెండు వారాల ముందు, సెండింగ్‌కెర్క్, నల్లజాతి సభ కలిసి దక్షిణ ఆఫ్రికా ఐక్య రిఫార్మ్డ్ సభగా ఏర్పడ్డాయి. తెల్ల సభ అందులో లేదు, భారత సంతతి సభ కూడా చేరలేదు. ఆ కలయిక కూడా సాఫీగా సాగలేదు. ఫ్రీ స్టేట్‌లోనూ ఉత్తర కేప్ వైపూ కొన్ని సంఘాలు చేరడానికి నిరాకరించాయి, వ్యాజ్యం సుప్రీం అప్పీలు కోర్టుదాకా వెళ్లింది, పాత సభ ఇంకా బతికే ఉందని 1998లో తీర్పు వచ్చింది. దానివెంట మందిరాల ఆస్తుల పేచీలు మొదలయ్యాయి. బాధితుల సంఘాలు సహజంగానే ఐక్యంగా ఉంటాయని అనుకునేవారికి ఇది గుర్తుండాలి.

భారత సంతతివారి ప్రస్తావన వచ్చింది గనుక మన వైపు సంబంధం ఒకటి చెప్పుకోవాలి. నటాల్ చెరకు తోటలకు మద్రాసు రేవునుంచి వెళ్లిన కూలీల్లో తెలుగువారు చాలామంది. వారి మధ్య పనిచేయడానికి నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను పంపారు. తెలుగు సంఘం తన సొంత ఖర్చుతో విదేశానికి పంపిన మిషనరీ ఆయన. ఆ బాప్టిస్టుల మిషనే ఒంగోలులోనూ పనిచేసింది, 1857నాటి ప్రశ్నే 1860ల చివర ఒంగోలుకూ వచ్చింది. మాదిగలను చేర్చుకోకపోతే తాము వస్తామని పై కులాలవారు చెప్పినప్పుడు, మిషనరీ జాన్ క్లౌ దంపతులు ‘లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను... అనేకులు పిలువబడలేదు’ అన్న కొరింథీ పత్రిక మాట చదువుకుని ఆ షరతును తిరస్కరించారు. 1878 జూలైలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన ఆ మిషన్ కీర్తి వెనక ఈ నిర్ణయం ఉంది. కేప్ సినడు ఇచ్చిన మినహాయింపును ఒంగోలు ఇవ్వలేదు. అయినా అక్కడ అన్ని కులాలూ కలిసిన సంఘం పుట్టలేదు, ప్రధానంగా ఒకే కులపు సంఘం పుట్టింది. ఆంధ్ర, తెలంగాణల్లో కులాన్నిబట్టి వేర్వేరుగా కూడే సంఘాలు, విడి శ్మశానాలు ఈనాటికీ కనిపిస్తాయి. షరతును తిరస్కరించడం అవమానాన్ని ఆపుతుంది. కలిసి ఉండే జీవితాన్ని మాత్రం విడిగా కట్టుకోవలసిందే.

తిరిగి దక్షిణాఫ్రికాకు వస్తే, కట్టుకోవడం ఎక్కడ ఆగిపోయింది? భాష దగ్గర ఆగలేదు. కలర్డ్ విశ్వాసుల్లో చాలామంది మాతృభాష ఆఫ్రికాన్స్. ఆరాధన క్రమం కూడా దాదాపు ఒకటే. సోథో, ఖోసా మాట్లాడే సంఘాల విషయంలో భాష నిజమైన కష్టమేగాని, అక్కడ కూడా ఐక్య సభ బహుభాషల్లోనే పని నడుపుకుంటోంది. మొదటి అడ్డు దూరం. 1950 నాటి నివాస ప్రాంతాల చట్టం కింద కేప్‌టౌన్ డిస్ట్రిక్ట్ సిక్స్ నుంచి 60,000 మందికి పైగా ఖాళీ చేయించి దూరపు ఇసుక నేలలకు తరలించారు. చట్టం రద్దయినంత మాత్రాన ఇళ్లు వెనక్కి రాలేదు. కారు లేని విశ్వాసి ఆదివారం నగరం నడిబొడ్డు మందిరానికి రావాలా, కారు ఉన్నవాడు బెల్హార్‌కు వెళ్లాలా అన్న ప్రశ్నకు ఏ సినడు తీర్మానమూ జవాబివ్వదు. కలవడం అన్నప్పుడల్లా ఒకే దిక్కుగా, పేదవారే ధనికుల మందిరంవైపు నడవడం జరిగితే అది ఐక్యత అనిపించుకోదని ఐక్య సభలోనివారు చెప్పే మాటలో న్యాయముంది.

రెండో అడ్డు డబ్బు. ఒక సంఘం తన బోధకుడికి పూర్తి జీతమూ, నివాసమూ, పింఛనూ ఇవ్వగలుగుతుంది. మైలు దూరంలోని మరో సంఘం బోధకుడు బతకడానికి ఇంకో ఉద్యోగం చూసుకోవాలి. వీరిద్దరూ రేపు ఒకే సభ కింద సమాన బోధకులైతే జీతాలు ఏ స్థాయిలో సమానం కావాలి, ఎవరి నిధిలోనుంచి? పాత సహాయధనపు పద్ధతిలో దాత, గ్రహీత అన్న తేడా స్పష్టంగా ఉండేది. కలిసిన సభలో ఆ తేడా పోవాలి, అంటే నిర్ణయించే అధికారం కూడా పంచుకోవాలి. చందాలు ఇచ్చేవారికి ఇది తేలిక కాదు.

మూడో అడ్డు బెల్హార్ ప్రకటనే. కలవాలంటే తెల్ల సభ దీన్ని స్వీకరించాలని ఐక్య సభ కోరింది, ఇది తన జన్మపత్రం గనుక. 2011లో తెల్ల సభ సర్వసభ దీన్ని తన విశ్వాస ఆధారంలో చేర్చుకునే ప్రక్రియ మొదలుపెట్టింది. దానిని ప్రకటనగా ఒప్పుకోలేని సభ్యులను బలవంతపెట్టమన్న వెసులుబాటు కూడా కలిపింది. సభ నియమావళిలో విశ్వాస ఆధారాన్ని మార్చాలంటే ప్రతి ప్రాంతీయ సినడులోనూ విడివిడిగా మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. చాలా ప్రాంతాల్లో అది రాలేదు. ఈలోగా అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి 2010లో, ప్రెస్బిటేరియన్ చర్చి 2016లో బెల్హార్‌ను తమ విశ్వాస ప్రకటనల్లో చేర్చుకున్నాయి. ఎవరిని చూసి ఆ పత్రం రాశారో వారికి తప్ప మిగతా లోకానికి అది ఆమోదయోగ్యమైంది. దూరాన ఉన్నవారికి అది ఒక మంచి పత్రం. స్టెలెన్‌బాష్ రైతుకు తన పొలంలో పనిచేసేవారి పేరుమీద వచ్చిన లెక్క.

ఓట్లతో నిమిత్తం లేకుండా కొంత జరిగింది. ఐక్య సభ బోధకుల శిక్షణ 2000 ప్రాంతంనుంచి స్టెలెన్‌బాష్‌లోనే సాగుతోంది, ఒకప్పుడు తెల్ల బోధకులను మాత్రమే తయారుచేసిన ఆ తరగతి గదుల్లోనే ఇప్పుడు రెండు సభల విద్యార్థులూ చదువుతున్నారు. కొన్ని ప్రాంతాల్లో రెండు సభల పెద్దలు ఉమ్మడిగా కూర్చుని పని చూస్తున్నారు, అక్కడక్కడ సంఘాలు బోధకుణ్ణి పంచుకుంటున్నాయి. పల్లెల్లో యువత తగ్గి, రెండు చిన్న సంఘాలూ విడివిడిగా బోధకుణ్ణి పోషించలేని స్థితి వచ్చినచోట ఇది ఎక్కువగా జరిగే వీలుంది; పేదరికం ఇద్దరికీ సమానమైతే గొడవకు కారణాలు తగ్గుతాయి. సంపన్న నగర సంఘాలకు ఆ ఒత్తిడి లేదు. వాటి విషయంలో ప్రాంతీయ సినడుల ఓటింగు నియమం మారితే తప్ప, లేదా ఆ సంఘాలు సర్వసభ కోసం ఎదురుచూడకుండా తమ నిధులనూ పెద్దల పదవులనూ పక్క సంఘంతో పంచుకోవడానికి తామే ముందుకు వస్తే తప్ప, 1857లో విడిపోయిన బల్ల ఒకటి కావడానికి వేరే దారి ఇప్పటికి కనిపించడం లేదు.